అందరికీ ఒకే చిరునవ్వు

బనగానపల్లె,
ఆషాఢ శుద్ధ దశమి, శనివారం,
5-7-2025.

చిరంజీవి తిమ్మయ్యకు, నీ బావ దేవేంద్రప్ప మనసారా దీవించి వ్రాస్తున్న లేఖ.

ఏడాది పాటు దారిలో నడిచినవారు గమ్యం చేరే దినాన్ని మన పెద్దలు సంవత్సరీకం అన్నారు. అంతవరకు పోయినవారికి పిండం విడిగా, పిలుపు విడిగా. ఆ దినం గడిచిందా, వారు పితృదేవతల పంక్తిలో కలిసిపోతారు. ఆపై పిలిచినా అందరితో పాటే పిలుస్తాము. వచ్చే బహుళ పంచమినాడు మీ అక్క ఓబులమ్మకు ఆ దినం వస్తున్నది. ఆ పంక్తిలో ఆమెను కూర్చోబెట్టే ముందు, ఆమె ఎవరో ఒక్కసారి స్పష్టంగా చెప్పుకోవడం మన విధి అని తలచి కలం పట్టాను.

నేను కుశలమే. డోన్ వైపు వానలు పడ్డాయని విన్నాను. నీ సేద్యం, నీ ఇల్లాలు, నాకు చెల్లెలి వరుసైన భీమక్క మోకాళ్ళు రెండూ కుదుటపడ్డాయని ఆశిస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నీవు అనుకోవచ్చు. ఫోన్లో నీవు "బాగుండావా బావా?" అంటావు, నేను "బాగున్నానప్పా" అంటాను. అంతటితో ఇద్దరమూ ఫోను పెట్టేస్తాము. మునుపు ఆ ఫోను మీ అక్క లాక్కునేది కనుక మన ఇద్దరికీ మాటలు వెదుక్కునే అవసరమే రాలేదు.

ఈ నడుమ నాకొక పని దొరికింది. దినాలనాడు పోయినవారి ఫోటోతో ఒక పత్రం అచ్చువేయించి, విస్తళ్ళ ముందు కూర్చున్నవారికి చదివి వినిపించే ఆచారం ఉన్నది కదా. ఒకప్పుడు వాటికి పద్యాలు నేనే కట్టి ఇచ్చేవాడిని. కొన్నేళ్ళుగా ఎవరూ అడగడం లేదు. పాత బస్టాండు దగ్గర మధులత అని, నావద్ద చదువుకున్న పిల్ల, కంప్యూటరు అంగడి పెట్టుకున్నది. పేరు, వయసు, ఊరు చెబితే ఆమె వద్దనున్న ఏఐ నిమిషంలో వ్రాసి ఇస్తున్నది. అక్షరదోషం ఉండదు, ఆలస్యం ఉండదు.

ఉగాది వెళ్ళిన తరువాత ఒకే వీధిలో, ఒకే పూట, రెండు దినాలు వచ్చాయి. ఒకటి అయ్యన్న తల్లికి, రెండవది బస్సు కండక్టరుగా చేసిన ఒక పెద్దమనిషికి. రెండు పందిళ్ళలోనూ భోంచేసినవారు రెండు పత్రాలూ విన్నారు. "నిస్వార్థ జీవనం, నిండైన మమత, చెరగని చిరునవ్వు." ఇక్కడా అదే, అక్కడా అదే. మరునాడు కండక్టరు కొడుకు భూపేష్ అంగడికి వచ్చి నిలదీశాడట. "మా నాయన జన్మలో నగినోడు కాదు మ్మా! చిల్లర లేదంటే నడిదోవలో దించేసే మనిషి. ఆయనకు చెరగని చిరునవ్వు యాడిది? అయ్యన్న వాళ్ళమ్మది తెచ్చి అతికిస్తివా?" అంగడిలో ఉన్నవారందరూ నవ్వారట. ఆ పిల్ల కళ్ళనీళ్ళతో నా గడప ఎక్కింది. "ఏం జేయల్ల సార్? ఏ ఇంటిది అడిగినా అదే మాట రాస్తాండాది."

ఇది పునరుక్తి దోషమే కదా, చేతనైన పనే కదా అనుకున్నాను. నిఘంటువు ముందు పెట్టుకొని, మాటకు మాట మార్పులన్నీ చెప్పి ఆ యంత్రానికి అందించమన్నాను. అది మహా వినయంగా ఒప్పుకున్నది. ఆ వారం ఒక పత్రంలో "వాడని మందహాసం", మరొకదానిలో "మాయని దరహాసం", ఇంకొకదానిలో "తరగని స్మితవదనం". నా పాండిత్యానికి నేనే మురిసిపోతుండగా, సంత దగ్గర అయ్యన్న ఎదురై, "సార్, అంగీ మారిందే గానీ లోపల మనిషి మారలేదే!" అని నవ్వి పోయాడు.

అప్పుడు గానీ నాకు తెలియలేదు. దోషం మాటలో లేదు, మనం అడగడంలో ఉన్నది. పేరు, వయసు, ఊరు మాత్రమే ఇస్తే ఆ యంత్రమైనా ఏమి చేస్తుంది? ఎవరికైనా సరిపోయేదే వ్రాస్తుంది. అందుకని మధులతా నేనూ పద్ధతి మార్చుకున్నాము. ముందు ఇంటివారిని కూర్చోబెట్టి అడుగుతాము. ఆయన దేనికి కోప్పడేవాడు? ఏది తినేవాడు కాదు? ఎవరితో మాట్లాడడం మానుకున్నాడు? వారు చెప్పినది చెప్పినట్లు యంత్రానికి ఇచ్చి, నీదిగా ఒక్క విశేషణమైనా చేర్చవద్దని కట్టడి చేస్తాము. వ్రాసి ఇచ్చిన తరువాత వాక్యం వెంట వాక్యం పట్టి చూస్తాము. ఈ వాక్యాన్ని పక్కింటివారి పత్రంలో పెట్టినా అతుకుతుందా? అతికితే కొట్టివేత. భూపేష్ తండ్రి పత్రం మరల వ్రాయించాము. చిల్లర లేనివారిని దించివేసిన రోజు ఆయన ఇంటికి వచ్చి సగం అన్నం వదిలేసి లేచేవాడని కొడుకే చెప్పాడు. అది చదివి భూపేష్, "ఈయప్ప మా నాయన" అని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక్కచోట మాత్రం నేను యంత్రంతో వాదానికి దిగాను. చేతికంది వచ్చిన కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి మా ముందు కూర్చుని, "అన్నం తినిపోరా అంటి. తినిపోరా అంటి. తినిపోరా అంటి నాయనా" అన్నది. యంత్రం దానిని ఒక్క మాటకు కుదించింది. నేను అన్నీ తిరిగి పెట్టించాను. దుఃఖంలో పలికిన మాట ఎన్నిమార్లు వచ్చినా దోషం కాదని మన ఆలంకారికులు ఏనాడో తేల్చి చెప్పారు. మధులతకు అది విడమరచి చెప్పినప్పుడు, చాలాకాలానికి పాఠం చెప్పినట్లయింది నాకు.

ఇక మీ అక్క పత్రం. మొన్న అంగడిలో మధులత నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నేను నేర్పిన ప్రశ్నలే నన్ను అడిగింది. నేను మొదలుపెట్టాను. ఓర్పు గలది, ఉత్తమురాలు, అన్నపూర్ణ. ఆమె వ్రాయలేదు. "సార్, ఇవి మనం కొట్టేసే మాటలు" అన్నది. సరేనని, చూసినవే చెప్పాను. నేను పురాణం చెప్పి వచ్చేసరికి నాకు మిరియాల కషాయం సిద్ధంగా ఉంచేది. నా పంచె మడత నలగనిచ్చేది కాదు. నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆ పిల్ల అన్నీ టైపు చేసి, మొదటినుంచి ఒకసారి చదువుకొని అన్నది: "సార్, ఇదంతా మీ గురించి ఉండాది. అమ్మ గురించి చెప్పండి."

తిమ్మయ్యా, నేను అక్కడినుంచి లేచాను. ఇంటికి వచ్చి దీపం కూడా వేయకుండా కూర్చున్నాను. తలచుకున్న ప్రతి సంగతిలోనూ నేనే కనబడుతున్నాను. నన్ను తప్పించి చూస్తే అక్కడ ఆమె ఒక్కతే ఎలా ఉండేదో నా కంటికి ఆనడం లేదు. నేను లేని కాలంలో ఆమెను చూసినవాడివి ఇక నీవు ఒక్కడివే మిగిలావు. చిన్నతనంలో ఆమె దేనికి భయపడేది? మీ చేలో వేరుశనగ పీకేటప్పుడు ఎవరితో పోట్లాడేది? పాట పాడేదా? మీ నాయన చేత దేనికి తిట్లు తిన్నది? ఒక్క సంగతి చాలు, మరే ఆడమనిషికీ అతకనిది. పత్రానికి కావాలి. పంచమిలోగా నాకు అందజేయి.

ఇట్లు, నీ క్షేమం కోరే
దేవేంద్రప్ప

తా.క.: నిజం చెప్పకుండా ఈ కవరు అంటించలేకపోతున్నాను. పత్రం నిన్ననే అచ్చయి వచ్చింది. ఫోటో, పేరు, ఊరు, తేదీ. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. "ఇంతేనా సార్?" అని మధులత అడిగితే, "ఇంతే తల్లీ" అన్నాను. కనుక నీ మాటలు ఏ పత్రానికీ అక్కరలేదు, నాకే కావాలి. పనేమీ చెప్పకుండా నిన్ను రమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఏడాదిగా ఈ ఇంట్లో ఆమె పేరు పైకి పలికినవాడు నెలనెలా మాసికాలు పెట్టించే పురోహితుడు ఒక్కడే. వ్రాసి పంపవద్దు. భోజనాలనాడు పదిమందిలో వచ్చి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోవద్దు. ముందే రా. మిద్దె మీద నీకు మంచం వేయిస్తాను. మీ అమ్మ ఆమెను ఏ ముద్దుపేరుతో కేకవేసేదో నేను ఏనాడూ వినలేదు; ఆ పేరుతో నీవు ఒక్కసారి ఇక్కడ పిలువు. నీ మనుమరాలు సుప్రజకు, ఆమె తరువాత ఈ వంశాలలో పుట్టబోయే పిల్లలందరికీ నా ఆశీస్సు ఇది: ఎంత వయసు పండినా, వారిని చిన్ననాటి పేరుతో పిలిచే గొంతు ఒకటి, పలికితే వినబడేంత దగ్గరలో, ఎల్లప్పుడూ ఉండుగాక.