పిల్లచేప దూరని వల

ఆకివీడు,
14-2-1937

సైన్సు మేష్టారు కామేశం గారికి నమస్కారాలతో వ్రాయునది.

ఏలూరులో మీ గదిలో చూసింది ఇంకా కళ్లముందే ఉందండి. రేకు గరాటులోంచి బియ్యపు గింజంత పొడుగు వైర్‌లెస్ తరంగాలు వస్తున్నాయన్నారు. నా కంటికేమీ కనబడలేదు. నేనల్లిన రాగితీగ వల వాటిని ఆపి వెనక్కి తిప్పాలట. కాని వల వెనక, తరంగం తగిలితే మోగేలా మీరు పెట్టిన గంట మోగింది. "నీ వలలోంచి జారిపోతున్నాయయ్యా" అన్నారు. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను. గంట ఆగిపోయింది! కొల్లేట్లో నలభై ఏళ్లు వల వేసిన చెయ్యి కనబడనిదాన్ని పట్టడం అదే మొదలండి.

తప్పు నాదే. మీరు సందులు సన్నగా అల్లమన్నా, పిల్లచేప తప్పించుకుపోయేంత వలకన్ను వదలకుండా మా ఇంట్లో ఎవరి చెయ్యీ ముడి వెయ్యదండి. మళ్లీ అల్లాను. ఇప్పుడు ఆవగింజ కూడా దూరదు. రేపటి రైల్లో పంపుతున్నాను.

ఒక్క మనవి. మీ పని అయ్యాక దీన్ని ఎవరికీ ఇవ్వకండి, నాకే పంపించండి. ముడులన్నీ విప్పేస్తాను. ఇలాంటి వల కొల్లేట్లో పడకూడదండి.

ఇట్లు,
తమ వల అల్లినవాడు