రెండోసారి అడిగినవాళ్ళకి

నేను, యంత్రాల ఫ్యాక్టరీ స్టోరులో ముప్పై నాలుగేళ్ళు స్టోర్‌కీపరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, డెబ్బై నాలుగేళ్ళ వయసువాణ్ణి, భార్య పోయినవాణ్ణి, ఒక్క కూతురికి తండ్రిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో ఈ వీలునామా రాస్తున్నాను. నా గుండె సంగతి డాక్టరు దాచకుండా చెప్పాడు. చెయ్యి వణుకుతోంది గాని బుర్ర వణకడం లేదు. ఇంతకుముందు రాసిన వీలునామా ఒకటుంది. అందులో పొదుపు గురించి రెండు పేజీల హితబోధ ఉంది. దాన్ని రద్దు చేస్తున్నాను, హితబోధతో సహా.

చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ఆస్తి చిన్నది. అది ఎవరికి ఎందుకు ఇస్తున్నానో చెప్పడమే పెద్ద పని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనివ్వండి.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడకి అప్పగిస్తున్నాను. తనకి లెక్కలు రావని ఆవిడే చెబుతుంది. నాకు లెక్కలు వచ్చు. వచ్చి ఏం చేశానో కింద రాశాను కాబట్టి, రానివాళ్ళే నయం.

2. స్టోరు గది. వంటింటి పక్కనున్న చిన్న గది ఇది. ఈ రోజున అందులో బియ్యం, పప్పులు, రెండు డబ్బాల నూనె, చక్కెర, టీ పొడి, సబ్బులు ఉన్నాయి. నేను పోయిన రోజున ఏవి మిగిలితే అవి ఈ మేడలోని నాలుగిళ్ళవాళ్ళూ పంచుకోవాలి. తూకం వెయ్యకూడదు. ఆ గదికి ఇప్పుడు తాళం లేదు.

తాళం ఎలా వచ్చిందో చెప్పాలి. ఫ్యాక్టరీలో నన్ను చాటుగా తాళంకప్ప అనేవాళ్ళు. నట్టు కావాలన్నా బోల్టు కావాలన్నా చీటీ మీద కారణం రాసి సంతకం పెడితేగాని ఇచ్చేవాణ్ణి కాదు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క వాషరు తక్కువ రాలేదు. రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి, తయారై, వెళ్ళడానికి చోటు లేక వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. జీతం పోయి పింఛను వచ్చింది, జీతంలో సగం కూడా కాదు. "ఇకనుంచి సామాను సంగతి నేను చూసుకుంటా" అన్నాను మా ఆవిడతో. ఆమె నవ్వి, "అమ్మయ్య, మీకు మళ్ళీ ఉద్యోగం దొరికింది" అంది. మొదటి కొన్ని నెలలూ అది మా ఇద్దరికీ సరదాగానే ఉండేది. ఆ సంగతి కూడా ఇక్కడ ఉండాలి.

మార్కెట్టు కట్టేసే వేళకి వెళ్తే వాడిన కూరగాయలు సగం ధరకి వస్తాయి. బియ్యంకన్నా నూకలు చవక. పాలలో సగం నీళ్ళు పొయ్యవచ్చు. కాచిన టీ పొడి ఆరబెడితే రెండోసారీ పనికొస్తుంది. పొయ్యి ముందుగా ఆపి మూత పెడితే మిగతాది ఆవిరికే ఉడుకుతుంది. ఇవేవీ తప్పులు కావు. పింఛను మీద బతికే ప్రతి ఇంట్లోనూ చేసేవే. ఏడాది తిరిగేసరికి మాకు సరిపోయింది, పైపెచ్చు మిగిలింది కూడా. అక్కడ ఆగాల్సింది. మిగిలింది చూశాక ఇంకా తగ్గించవచ్చని తెలిసింది నాకు. ఆ వారమే తాళం కొన్నాను, ఒక రిజిస్టరు కొన్నాను. తేదీ, వస్తువు, పరిమాణం, కారణం, సంతకం. ఐదు గడులు. తన వంటింట్లో తను చెంచాడు నూనెకి సంతకం పెట్టడం మా ఆవిడ ఆ వారమే మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు పెట్టింది.

మూడో ఏడాది నా కూతురు వచ్చి ఆ రిజిస్టరు చూసింది. "గుప్పెడు పప్పుకి అమ్మ చేత సంతకం పెట్టించుకుంటున్నావా నాన్నా?" అంది. "కష్టకాలమంటూ వస్తే అప్పుడు తెలుస్తుంది నీకు" అన్నాను. "ఇంకేం రావాలి? వచ్చి ఇంట్లోనే కూర్చుందిగా, తాళంచెవి నడుముకి కట్టుకుని" అంది. ఆ సాయంత్రమే వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. తల్లితో ఫోన్లో మాట్లాడేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. మా ఆవిడ ప్రతిసారీ "బాగానే ఉన్నామమ్మా" అనేది.

3. నా చేతి గడియారం మా తమ్ముడికి. వాడికి భోజనాల వేళ ఎప్పుడూ బాగా తెలుసు.

ఇది ఎకసెక్కంగా రాశాను. కొట్టెయ్యను గాని, అసలు సంగతి చెబుతాను. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఆరు. నాన్న పనిచేసే మిల్లు ఏడు నెలలు మూతపడింది. అమ్మ మా ఇద్దరినీ పక్కింటికి ఉప్పు బదులు అడగమని పంపేది, సరిగ్గా వాళ్ళు కంచాల ముందు కూర్చునే వేళకి. "తినమంటే తినండి, అడక్కండి" అని చెప్పేది. పక్కింటావిడ "రండిరా, రెండు ముద్దలు తినండి" అనేది. తమ్ముడు వెళ్ళి కూర్చునేవాడు. నేను గుమ్మంలోనే ఉప్పు పట్టుకుని నిలబడి, "మా భోజనాలు అయిపోయాయండీ" అనేవాణ్ణి. అరవై ఐదేళ్ళుగా వాడు తిన్న ఆ ముద్దల్ని నేను మరిచిపోలేదు. వాడు సిగ్గులేనివాడనీ, నేను పౌరుషంగలవాణ్ణనీ అనుకుంటూ బతికాను. వాడు పెద్దయ్యాక చేతికి ఎముక లేకుండా పెట్టాడు, వచ్చినవాళ్ళందరికీ. నేను ఎంగిలి చేత్తో కాకిని తోలలేదు. గడియారం వాడికే. రోజుకి రెండు నిమిషాలు ముందు పోతుంది, సరిచేసుకోమనండి.

4. బ్యాంకులో నా పేరున ఉన్న డబ్బు. ఎంతో ఇక్కడ రాయను. కష్టకాలానికని దాచినది. అంత డబ్బు పెట్టుకుని మా ఆవిడని నూకలకి పంపానా అని చదివినవాళ్ళు అడుగుతారు. అవును, పంపాను.

మోకాళ్ళు పట్టేశాక మార్కెట్టుకి నేను వెళ్ళలేకపోయాను. దగ్గరున్న కొట్టులో కొనవచ్చు. కాని టోకు మార్కెట్టులో చవక అని, నాకన్నా మూడేళ్ళే చిన్నదైన మనిషిని సంచీ ఇచ్చి పంపాను. ఒకనాడు సాయంత్రం తిరిగి వస్తూ, మా మెట్ల మీద, ఇంకో నాలుగు మెట్లు ఉన్నాయనగా పడిపోయింది. చప్పుడికి బయటికి వచ్చాను. ఆమె కింద ఒక పక్కకి ఒరిగి ఉంది. "నూనె సీసా పగిలిందా?" అని అడిగాను. నా నోటివెంట వచ్చిన మొదటి మాట అది. "లేదండీ, పట్టుకునే ఉన్నాను" అంది.

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో తూస్తే ముప్పై ఆరు కిలోలుంది. ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకోదన్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, నేను నొచ్చుకుంటానేమోనని మెల్లగా, "ఇంట్లో జరుగుబాటుకి ఇబ్బందా తాతగారూ?" అని అడిగింది. పేదవాణ్ణనుకుంది. నేను తలూపాను. నిజం చెప్పడంకన్నా పేదవాణ్ణనిపించుకోవడమే తేలికైంది.

ఆ వార్డులో మధ్యాహ్నం బండి మీద అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి పెట్టేవారు. మా ఆవిడ పడుకునే తినేది, ఒక్క మెతుకు పోకుండా. రెండో రోజున చెయ్యెత్తింది. ఆయా వచ్చి ఇంకో గుడ్డు పెట్టింది. అది తిని, నా వైపు తిరిగి, కొత్త సంగతి కనిపెట్టినదానిలా, "ఏమండీ, ఇక్కడ అడిగితే మళ్ళీ పెడతారు. మీరూ తినలేదుగా, అడగండి" అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే బాగుండేది. పదకొండో రోజు తెల్లవారుజామున నెమ్ము చేరి పోయింది.

ఆ డబ్బు మొత్తం ఆ ఆస్పత్రి వంటశాలకి, ఆడవాళ్ళ వార్డులో రెండోసారి అడిగినవాళ్ళకి పెట్టడానికి. నేను వెళ్ళి వంటశాల చూసుకునే ఆమెతో మాట్లాడాను. "అన్నానికేం లోటు లేదు తాతా, గుడ్లే చాలవు. అడిగినవాళ్ళకి ఒక్కోరోజు లేదనాల్సి వస్తుంది" అంది. కాబట్టి గుడ్లకే వాడాలి. గోడమీద పేరు రాయించవద్దు. ఎవరైనా మూడోసారి అడిగితే కారణం అడగవద్దు.

5. ఈ ఇల్లు నా కూతురికి. అయితే వీధివైపు గది, వెలుతురు బాగా వచ్చేది, బట్టలు కుట్టే ఆవిడ బతికినన్నాళ్ళూ అద్దె లేకుండా వాడుకోవాలి. ఆవిడ కింద చీకటి గదిలో కళ్ళు పోగొట్టుకుంటోంది.

మా ఆవిడ పోయిన వారానికి ఆవిడ పైకి వచ్చింది. కూర్చోలేదు. "బావగారూ, ఈ సంగతి మీకు తెలియాలి. అక్క నాలుగేళ్ళుగా రోజూ పదకొండింటికి మా ఇంట్లో తినేది. ఊరికే తినదుగా, రోజుకి నాలుగు బట్టల అంచులు కుట్టిపెట్టేది" అంది. మా ఆవిడ రోజూ పదకొండింటికి కిందికి వెళ్ళేది నిజమే. కబుర్లకనుకున్నాను. వెళ్ళనిచ్చేవాణ్ణి, ఆ వేళకి టీ ఖర్చు తప్పుతుందని. నేను లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. "అన్నానికి డబ్బు తీసుకుంటే అది హోటలవుతుంది బావగారూ. అక్క నాకు హోటలుకొచ్చిన మనిషి కాదు" అని దిగి వెళ్ళిపోయింది. డబ్బు తీసుకోదు కాబట్టి వెలుతురు ఇస్తున్నాను. దాన్నైనా కాదనవద్దని ఆవిడని ఈ కాగితం ద్వారా బతిమాలుకుంటున్నాను.

6. అల్లుడికి నా గొడుగు. కొత్తదే, వాడితే పాడవుతుందని వాడలేదు. అతను ఒకసారి మాకు పళ్ళబుట్ట తెస్తే అతని ముందే తూచి, "కొట్టువాడు నిన్ను మోసం చేశాడు" అన్నాను. క్షమించమంటున్నాను.

7. తొమ్మిది రిజిస్టర్లు. ఇవి తగలబెట్టాలనుకున్నాను. నా కూతురికి ఇస్తున్నాను. వాళ్ళమ్మ చేతిరాత ఈ ఇంట్లో ఇంకెక్కడా లేదు. తగలబెట్టాలో ఉంచుకోవాలో తనే తేల్చుకోవాలి.

ఇచ్చే ముందు అవన్నీ చదివాను. మొదటి రిజిస్టరులో సంతకం నిండుగా ఉంటుంది, ఇంటిపేరుతో సహా. మూడోదానికి ఇంటిపేరు పోయింది. ఆరోదానికి రెండక్షరాలు. చివరికి ఒక గీత. కారణం గడిలో ఎప్పుడూ "వంటకి", "టీకి", "చుట్టాలు వచ్చారు" అని ఉంటుంది. ఏడో రిజిస్టరులో ఒకచోట వస్తువు గడిలో "చక్కెర, రెండు చెంచాలు" అనీ, కారణం గడిలో "ఆకలి" అనీ ఉంది. దాని పక్కన ఎర్ర సిరాతో నా రాత: "కారణం చాలదు. వచ్చే వారం."

అది రాసినట్టు నాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ రోజు గుర్తుకు రావడం లేదు. అంటే ఆ రోజు నాకు మామూలు రోజే. నా కూతురు ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకూడదు. అల్లుణ్ణి పక్కన కూర్చోమనండి.

8. ఈ కిందిది నిన్నటి సంగతి. వీలునామా రాస్తున్నానని బట్టలు కుట్టే ఆవిడ ద్వారా కబురు తెలిసి నా కూతురు వచ్చింది. తల్లి పోయాక రావడం ఇదే మొదలు. మంచినీళ్ళిస్తే తాగలేదు. "నీ ఇల్లు, నీ కాగితాలు తర్వాత చూద్దాం. అమ్మ ఫొటో ఒకటివ్వు" అంది.

మాకు ఒక్క ఫొటోయే ఉంది. పింఛను కాగితాల కోసం ఇద్దరం పక్కపక్కన కూర్చుని తీయించుకున్నది. విడిగా తీయిస్తే ఇంకో ఫొటో ఖర్చని నేనే వద్దన్నాను. అది తెచ్చి ఇచ్చాను. నా కూతురు దాన్ని చాలాసేపు చూసింది. మేమిద్దరం భుజాలు ఆనించి కూర్చున్నాం అందులో. మధ్యకి కత్తిరిస్తే ఆమె భుజం కొంచెం నాతో వచ్చేస్తుంది. అది చూసి నా కూతురు, "ఎలా నాన్నా?" అంది. కోపంగా కాదు. చిన్నప్పుడు లెక్క రాకపోతే అడిగినట్టు అడిగింది.

కత్తెర నేనే తెచ్చాను. ఆమె భుజం ఎక్కడా తెగకుండా, నా చెయ్యి తెగేలా, నేనే కత్తిరించి ఇచ్చాను. కూతురు దాన్ని సంచీలో పెట్టుకుని, వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు.

మిగిలిన సగం బల్ల సొరుగులో ఉంది. దాన్ని ఎవరికీ రాయడం లేదు.

పైన రాసినదంతా నేను రాసి, చదువుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

2025 మార్చి 11, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం)
రిటైర్డ్ స్టోర్‌కీపరు

సాక్షులు, ఆయన సంతకం చెయ్యగా కళ్ళారా చూసినవాళ్ళం:

(సంతకం) పై అంతస్తులో ఉండే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు

(సంతకం) వీధి మొదట్లో మందుల షాపు యజమాని