నాయన తినాల్సిన రాగి ఉండలు

నాయనా, నేను బంగారుపాళ్యం బస్సుకు పోతా ఉండాను, సాయంత్రానికి వచ్చేస్తాను. సంగటి కుండలో ఉండాది, పప్పు పక్కనే మూతేసి పెట్టినాను. ఎండెక్కక ముందే నడిచి రా.

మధ్యాహ్నం కాలేజీ అమ్మాయిలు బరువు చూసే మిషను తెస్తారు. బక్కగా ఉండే పెద్దోళ్లు రోజూ నడిచి, వాళ్లిచ్చే రాగి ఉండలు తింటే ఒంట్లో సత్తువ నిలుస్తుందా అని వాళ్లు చూస్తా ఉండారు. నువ్వు నడుస్తా ఉండావు గానీ బరువు పెరగనే లేదు. ఉండల్లో బలం లేదని రాయాల్సొస్తుందేమోనని వాళ్లలో ఒకమ్మాయి పోయినసారి దిగులుపడింది. బలం ఉండాది నాయనా. నీతో నడిచే దేవరాజులు మామకు చొక్కా గుండీలు పట్టడం లేదు. ఎదురుగా మనిషి ఉంటే నువ్వొక్కడివే నోట్లో వేసుకోలేవని నాకు తెలుసు. ఈరోజన్నా ఆ అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

అమ్మ ఉన్నప్పుడు గదిమి తినిపించేది. నేను చెబితే నవ్వి ఊరుకుంటావు.

మరిచిపోయినాను, అల్మారాలో ఉండల డబ్బాలు రెండు ఉండాయి. రేకుడబ్బాలోవి నేను చేసినాను. మామకు అవి పెట్టి, నీవి నువ్వు తిను.