టోపీ మీద పడవ

లోవమ్మ పెద్దమ్మా,

ఫోనులో చెబితే కోతలనుకుంటావని టోపీతో పాటు ఈ ఉత్తరం పంపుతున్నాను. పక్కింటి వీరదుర్గ చేత చదివించుకో.

మన మొగల్తూరు మత్స్యకారుల సంఘం వాళ్లు నేను పనిచేసే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుకు నలభై టోపీలు ఆర్డరిచ్చారు. పడవ బొమ్మ, దాని కింద సంఘం పేరు కుట్టాలి. చొక్కాల మీద ఎన్నోసార్లు కుట్టిన డిజైనే కదా అని మిషన్‌కు ఎక్కించాను. టోపీ గుండ్రంగా ఉండడంతో బట్ట ఒక పక్కకు జరిగిపోయింది. పడవ వంకరైంది, అక్షరాలు ముడతలు పడ్డాయి. మూడు టోపీలు పాడయ్యాక ఓనరు కృష్ణంరాజు గారు, "ఇది మన వల్ల కాదమ్మా, ఆర్డర్ తిప్పి పంపేద్దాం" అన్నారు. మనవాళ్ల పడవ ఇంకెవరో కుడతారంటే నాకు ఏడుపొచ్చింది. "ఒక్క రోజు ఆగండి" అని బతిమాలాను.

అప్పుడు నువ్వు లేసు అల్లడం గుర్తొచ్చింది. నువ్వు నడిమిన మొదలుపెట్టి చుట్టూ పెంచుకుంటూ పోతావు, ఎక్కడా ముడత రాదు. కంప్యూటర్‌లో డిజైన్ తెరిచి, ఎడమ నుంచి కుడికి పోయే కుట్టును నడిమి నుంచి రెండు పక్కలకూ, కింద నుంచి పైకీ పోయేలా మార్చాను. పడవ ఎత్తు తగ్గించి, సన్నటి అక్షరాలను లావు చేశాను. నాలుగో టోపీ మీద పడవ తిన్నగా నిలబడింది పెద్దమ్మా!

రాజు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ కోర్సులో నేర్చుకున్నావమ్మా ఇది?" అన్నారు.

"మా పెద్దమ్మ దగ్గరండి" అన్నాను.

ఇక మీదట టోపీల పనంతా నాదేనట. మగాళ్ల టోపీ అని సిగ్గుపడకు, ఎండలో చేపలు తిరగేసేటప్పుడు పెట్టుకో. ఎవరు కుట్టారని అడిగితే మనిద్దరి పేర్లూ చెప్పు.

నీ చెల్లెలి కూతురు
భీమవరం