నా పేరున వచ్చిన సీటు

మార్చి 4

పిల్ల అప్లికేషన్ నింపుతుంటే నాకూ ఒకటి తెమ్మన్నాను. నీకెందుకే అమ్మా అంది. నీ వెనక కూర్చుని నీ పరువు తీయడానికి అన్నాను. కుట్టుపని కాలేజీ. రెండేళ్ళ కోర్సు. ఇక్కడి నుంచి రైల్లో ఒక పగలు, ఒక రాత్రి. వయసు పట్టింపు లేదు, ఎనిమిది చదివితే చాలట. నేను తొమ్మిది. అంటే వాళ్ళు అడిగినదానికన్నా ఒకటి ఎక్కువే.

మా ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి, ఇద్దరూ పోతే నాకు వంటెవరు చేస్తారన్నాడు. నీ కండక్టరు చేస్తాడులే అన్నాను.

మార్చి 23

పరీక్ష. సూపర్‌వైజరు నన్ను చూసి, పేరెంట్స్ బయట కూర్చోవాలండీ అంది. హాల్ టికెట్ చూపించి, మా అమ్మ బయటే ఉంది మేడమ్ అన్నాను. హాలంతా నవ్వింది. నా పిల్ల తల దించేసుకుంది.

మూడు గంటల్లో కోటుకి రెండు చేతులూ కత్తిరించి అతికించాలి. ఇంటి ముందు గదిలో షాపు పెట్టి ఇరవై ఆరేళ్ళుగా నేను చేస్తున్న పనే. మధ్యలో చూస్తే పిల్ల బిగుసుకుపోయి ఉంది. టేపు మూతి మీద మీసంలా పెట్టుకుని చూపించాను. నవ్వింది. నవ్వుతూనే, ఎదురెదురుగా వేయాల్సిన గుడ్డ ముక్కల్ని రెండూ ఒకే వైపు వేసి కత్తిరించింది. రెండూ ఎడమ చేతులే వచ్చాయని బయటికొచ్చాక చెప్పింది.

నా వల్లేనా అని అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది.

ఏప్రిల్ 19, మధ్యాహ్నం 12

పోస్టులో రెండు కవర్లు. పిల్లది పల్చన. నాది లావు.

ఏప్రిల్ 19, సాయంత్రం 5

సీటు నాకే వచ్చిందంటే, చాల్లే అమ్మా, అసలు ఉత్తరం ఇటివ్వు అని ముందు నవ్వింది పిల్ల. తన తప్పేం లేదు. హెడ్‌మాస్టరుగారి ప్యాంటుకి జేబులు మూసి కుట్టి పంపినదాన్ని నేను. పాపం క్లాసంతా చూస్తుండగా చాక్‌పీసు కోసం తడుముకున్నాడట. పిల్ల ఉత్తరాన్ని వెలుగులో పెట్టి చూసింది. ముద్ర మీద వేలు రుద్దింది. తర్వాత, కంగ్రాట్స్ అమ్మా అంది.

పుట్టిన దగ్గర్నుంచి నాతో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 21

కాలేజీకి ఫోన్ చేసి, నా సీటు మా అమ్మాయికి ఇచ్చేయొచ్చా అన్నాను. ఇదేమన్నా బస్సులో సీటా అమ్మా, కర్చీఫ్ వేసి పక్కవాళ్ళకివ్వడానికి అన్నాడు గుమాస్తా. నన్ను మించినవాడు. వెయిటింగ్ లిస్టులో కూడా పిల్ల పేరు లేదట. నేను వద్దంటే ఇంకెవరికో పోతుంది. వద్దన్నవాళ్ళు మళ్ళీ పరీక్ష రాయడానికి లేదట. మే పదిలోగా ఏ సంగతో రాసి పోస్టు చేయాలట.

ఏప్రిల్ 22

నాకు వెళ్ళాలని ఉంది.

ఏప్రిల్ 27

తొమ్మిదో క్లాసు అవగానే బడి మాన్పించి మిషన్ ముందు కూర్చోబెట్టారు. ఎవరో కత్తిరించి ఇచ్చిన కొలత కాగితాల మీదే ఈనాటికీ నా కత్తెర నడుస్తోంది. చంక దగ్గర గుండ్రం అంతే ఎందుకు తీయాలో నాకు తెలీదు. చేతికి తెలుసు, నాకు తెలీదు. లావు కవర్లో వచ్చిన కాలేజీ పుస్తకంలో ఒక బట్టతలాయన చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డ ఫోటో ఉంది. బోర్డు మీద ఆ గుండ్రమే. ఆయన్ని అడగాలి.

మా ఆయన వెళ్తావా అన్నాడు, నవ్వకుండా. ఆ మొహం నవ్వకుండా ఎలా ఉంటుందో మర్చిపోయాను. వెళ్ళు, రెండేళ్ళే కదా, నా తిండి నేనే ఉడకేసుకుంటాను అన్నాడు.

మే 2

పిల్ల తన కత్తెరకి నూనె రాసి, గుడ్డలో చుట్టి నా బల్ల మీద పెట్టింది. అక్కడికి పట్టుకెళ్ళు, నీకు పనికొస్తుంది అంది. మరి నీకో అన్నాను. మందుల షాపులో బిల్లులు కొట్టే పని దొరికిందట. రేపట్నుంచే. నా చేతిలో ఏం లేదని తేలిపోయిందిగా అమ్మా, ఉన్నదంతా నీ దగ్గరే ఆగిపోయింది అంది. కోపంగా అని ఉంటే నాలుగు తిట్టేదాన్ని. నిదానంగా అంది.

పరీక్షలో నేను నవ్వించబట్టే కదే తప్పు కత్తిరించావు అన్నాను. కాదమ్మా అంది.

అబద్ధం. అబద్ధాల సంగతి నాకు చెప్పాలా?

మే 6

ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపాయన దగ్గరికెళ్ళాను. నా వేషాలకి ఉత్తరాలు టైపు చేసిపెట్టేది ఆయనే. కాలేజీ ఉత్తరం చేతికిచ్చి, ఇది కూడా నువ్వే కొట్టావని మా పిల్లకి చెప్పాలి అన్నాను. కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు. ఇది నిజం ఉత్తరం కదమ్మా అన్నాడు. కాదని చెప్పడమే నీ పని అన్నాను.

ఎప్పుడూ ఇకిలించే మనిషి, లోపలికెళ్ళిపోయాడు. లోపలి నుంచే సరే అన్నాడు.

మే 7

భోజనాల దగ్గర మొదలుపెట్టాను. పద్దెనిమిది రోజులు నమ్మారే వెర్రిమొహాల్లారా అని పొట్ట పట్టుకుని నవ్వాను. నాకొచ్చిందీ పల్చని కవరే, దాన్ని పొయ్యిలో వేసి లావుది తయారుచేయించాను అన్నాను. పిల్ల కిటికీలోంచి జిరాక్స్ ఆయన్ని కేకేసి అడిగింది. ఆయన తలూపాడు. అంతే. చెప్పు తీసి నా మీదికి విసిరింది, రెండోదీ విసిరింది, నువ్వసలు మనిషివేనా అంది, వచ్చి నా మెడ కౌగిలించుకుని ఏడ్చింది. నిజంగా నీకే రాలేదా? నీకే రాకపోతే ఇంక నాకెలా వస్తుందే! ఆ గొంతులో ఎంత సంతోషం. రెండు వారాల తర్వాత కడుపునిండా తింది.

మొదటిరోజే అనుకున్నా, నీకు సీటేమిటి అన్నాడు మా ఆయన.

ఆయనేం అనుకోలేదు.

నాలుగు అబద్ధాలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్కటే సరిపోయింది.

మే 10

వద్దని రాసి పోస్టు చేశాను. కారణం అన్న చోట ఆరోగ్యం అని పెట్టాను.

మే 24

పిల్ల మందుల షాపు మానేసింది. తన కత్తెర తను తీసుకుంది. వచ్చే ఏడు మళ్ళీ ఇద్దరం రాద్దామంది. రాద్దామన్నాను. అప్పటికి ఇంకో అబద్ధం కుట్టాలి.

షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథ చెప్తోంది. మా అమ్మ వేసిన వేషాలన్నిట్లో ఇదే గొప్పది అంటోంది. ఆ ఉత్తరం అందుకున్నప్పుడు మొహం ఎలా పెట్టావో చూపించవే అంటుంది. చూపిస్తాను.

జూన్ 16, ఉదయం 9

ఈ గంటకి అక్కడ మొదటి క్లాసు.

షాపు తెరిచి, గుడ్డ పరిచి, నిటారుగా నిలబడి, ప్రెజెంట్ సార్ అన్నాను. గట్టిగానే.

ఎవరు పిలిచారే నిన్ను అని పిల్ల పడీ పడీ నవ్వింది.