చెంబుల్లాంటి కణాలు

హొసకోటలో ఉన్న అక్కకు, చిక్కపేట నుంచి నీ చెల్లెలు.

నాకు పోతున్న రక్తం నెలసరిది కాదక్కా, పేగులో గడ్డది. సిగ్గుతో ఇంట్లో చెప్పలేదు. అత్తగారు ముట్టనుకుని నన్ను వసారాలో కూర్చోబెట్టి, "ఏమ్మే, నీకి నెలకి రెండు నెలలుండాయా?" అంటారు.

పక్కింటి నంజమ్మ నన్ను డాక్టరమ్మకు చూపించింది. ఆమె గడ్డలోంచి చిన్న ముక్క తీసింది. పేగులో జిగురు ఊరించే కణాలు చెంబుల్లా ఉంటాయట. పెద్ద భూతద్దంలో అవి వరుసగా కనిపిస్తే మంచిదట, చెదిరిపోయి ఉంటే కడుపు కోయాలట. సోమవారం మా వారిని వెంటబెట్టుకు రమ్మంది. ఆయనతో ఈ మాట నా నోట రాదు. నువ్వొచ్చి చెప్పక్కా. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది.

ఈరోజూ వసారాలోనే ఉన్నాను. ఎవరూ దగ్గరికి రారు కనుకే ఇది రాయగలిగాను. నువ్వు మాత్రం దగ్గరికి రా.