ఇత్తో గదికి రెండు తలుపులు

దేవుణ్ణి తలచుకుని, కాసాబ్లాంకాలో ఉన్న చెల్లెలు ఇత్తోకు అన్న హమ్ము సలాములు చెప్పి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నాం. నెత్తిన మట్టి తప్ప వేరే కష్టం లేదు. అక్కడ నీ మోకాళ్ళు నీ మాట వింటున్నాయని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివి పెట్టే పక్కింటి అమ్మాయికి నా దీవెనలు. అమ్మా, మొదటి కాగితం గట్టిగా చదువు, నష్టం లేదు. రెండో కాగితం మాత్రం మా చెల్లెలు ఒక్కతే ఉన్నప్పుడు మెల్లగా చదువు.

ఇత్తో, నువ్వు నాలుగు సంగతులు అడిగావు. తేలికైనవి ముందు చెబుతాను. నా అలవాటు నీకు తెలుసు.

మీ వదిన తూడాకు దగ్గు తగ్గింది. గోడ పని మొదలైన వారం కాస్త ఎక్కువైంది. ఇప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. ఆ గుడ్డలోంచే నన్ను తిడుతోంది. మాటలు స్పష్టంగానే వినిపిస్తున్నాయి.

నీ కోసం కడుతున్న గదికి మెట్లున్నాయా అని అడిగావు. లేవు. నేల మీదే కట్టాం, పాత ఇంటికి తూర్పున, గాడిద పాక ఉన్న చోట. గాడిదను కొడుకు మామగారింటికి తోలాం. అయినా రోజూ సాయంత్రం వచ్చి కొత్త గోడకు ముఖం ఆనించి నిలబడుతోంది. కిటికీ తోట వైపు ఉంది. ఖర్జూరపు చెట్లు కనబడతాయి, ఎవరి ముంగిలీ కనబడదు. చలికాలం పొద్దుటి ఎండ నీ కాళ్ళ మీద పడుతుంది.

సిమెంటు ఇటుకలైతే పది రోజుల్లో అయిపోతుందని కొడుకు అన్నాడు. “ఆగస్టు ఎండకు నీ మేనత్త అందులో రొట్టె కాల్చుకోవచ్చు” అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మన పద్ధతిలోనే కట్టించాను. పలకల పెట్టెలో తడిమట్టి పోయడం, దిమ్మిసతో దంచడం, ఆ వరస ఆరాక పెట్టె పైకెత్తి మళ్ళీ పోయడం. మట్టి నేనే కలిపాను. పిడికిట నొక్కి నడుమెత్తు నుంచి వదిలితే మూడు నాలుగు ముక్కలు కావాలి. పొడి పొడి అయితే నీళ్ళు చాలవు, పగలకుంటే ఎక్కువయ్యాయి. ఈ వయసులోనూ నా ముద్ద తప్పలేదు. అయిదు వరసలు లేచాయి, ఒక్క బీట లేదు. ఇక కప్పు వేయడమే.

మేస్త్రి ఎవరనుకున్నావు? చిన్నప్పుడు నీ అంజూరపు పళ్ళు దొంగిలించిన బూజమాయే. పళ్ళన్నీ ఊడిపోయాయి కానీ చేయి మాత్రం గట్టిది. కొత్త గోడను పాత గోడకు కలిపి కట్టనివ్వలేదు. “కొత్తది ఇంకా కుంగుతుంది హమ్మూ. పాతది కుంగడం మీ తాతనాడే అయిపోయింది. రెంటినీ కట్టేస్తే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి” అన్నాడు. మధ్యలో వేలెడు సందు వదిలాడు. రెండేళ్ళాగి పూడుస్తాడట.

మూడో సంగతి. గదికి తలుపు ఎటు అని అడిగావు. అక్కడే తప్పు జరిగింది. తప్పు నాదే. బూజమాకు పని చెప్పేటప్పుడు “ఒక ఆడమనిషికి గది కావాలి” అన్నాను. నీ పేరు చెప్పకుండానే మట్టి తవ్వడానికి వెళ్ళిపోయాను. అతను బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మకు అద్దెకిస్తున్నానని అనుకున్నాడు. వీధిలోకి తలుపు వదిలి, ఇంటి వైపు ఏమీ వదలకుండా గోడ లేపేశాడు. పరాయివాళ్ళకు అలాగే కదా కడతాం, మన ఆడవాళ్ళకు వాళ్ళు ఎదురుపడకుండా. నేను రోజూ మట్టి మోస్తూ కూడా ఆ సంగతి చూడలేదు.

మూడో వరస మీద ఉండగా తూడా టీ తెచ్చింది. గది చుట్టూ తిరిగి చూసింది. గ్లాసులు కింద పెట్టేసింది.

“ఏం మేస్త్రీ, ఈ గది ఎవరికి?”

“టీచరమ్మకు కాదా?”

“మా ఆయన చెల్లెలికి.”

“ఎవరూ, ఇత్తోకా? ఈయన చెబితే కదా! ఆడమనిషి అన్నాడు. ఆడమనుషులు ఊరినిండా ఉన్నారు.”

“చూడయ్యా,” అని నా వైపు తిరిగింది, “పుట్టిన ఇంట్లోకి రావడానికి నీ చెల్లెలు వీధిలోకి పోయి తలుపు తట్టాలా? నీకు నోరిచ్చిన దేవుడు దాన్ని తినడానికే ఇచ్చాడా?”

దిమ్మిస పట్టుకున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయను?

మరునాడే కొత్త గోడలో దారి కోసి, దానికి ఎదురుగా వంటింటి గోడ పగలగొట్టడం మొదలుపెట్టాం. తాతగారు కట్టిన గోడ, మూరన్నర మందం. నాలుగు రోజులు పట్టింది. పొయ్యి ఆ గోడకే ఉండేది కాబట్టి వంట మిద్దె మీదికి మారింది. గాలి వస్తే పులుసులో ఇసుక, రాకపోతే కళ్ళలో పొగ. పడుకునే గదుల్లోనూ పసిదానికి ఊపిరాడనంత దుమ్ము. నేను, తూడా, కొడుకు, కోడలు, పసిది, అయిదుగురం ఖర్జూరాల కొట్లోకి మారి అక్కడే పడుకుంటున్నాం. ఇలా నెల దాటింది. అయినా ఎవరూ విసుక్కోవడం లేదు. కట్టుబడి బాగా సాగుతుంటే మట్టి తిన్నా అరుగుతుంది.

ఇక రెండో కాగితం. అమ్మాయీ, మెల్లగా.

ఇత్తో, నీ నాలుగో ప్రశ్న ఇది. “నన్ను అడక్కుండా ఎందుకు మొదలుపెట్టావు? పందొమ్మిదేళ్ళుగా గుర్తుకు రానిదాన్ని ఇప్పుడెందుకు గుర్తొచ్చాను?” నువ్వు పనిచేసే ఇంటి యజమానురాలు పోయిందని, ఆమె కొడుకులు ఇల్లు అమ్ముతున్నారని, పండగలోగా నువ్వు ఖాళీ చేయాలని, ఇంకో విధవరాలితో కలిసి గది చూసుకున్నావని విన్నాను. విన్న మరునాడే పునాదికి రాళ్ళు తోలించాను. అది నిజం. కానీ మొత్తం నిజం కాదు.

నాన్న పోయినప్పుడు నీ వాటా వదులుకుంటున్నానని కాగితం మీద వేలిముద్ర వేశావు. మన వైపు ఆడపిల్లలంతా అంతే చేస్తారు. వాటా అన్నకు, అందుకు బదులుగా అన్న గడప జీవితాంతం ఆమెకు. మొగుడు పోయినా, వదిలేసినా వచ్చి ఉండడానికి. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. మొగుడు పోయాక అత్తవారు నిన్ను పంపించేసినప్పుడు మూట పట్టుకుని వచ్చావు. గడపలో నిలబడ్డావు. “చోటు లేదమ్మా, కొట్టు కూడా ఖర్జూరాలతో నిండి ఉంది” అన్నాను. ఒక గ్లాసు టీ తాగావు. “సరే అన్నా” అని సంత లారీ ఎక్కి వెళ్ళిపోయావు. నీకు పట్నంలో పని దొరికిందని, ఉండమన్నా ఉండలేదని తూడాకు చెప్పాను. ఆమె అప్పుడు పుట్టింట్లో ఉంది.

పోయిన నెల ఒక పొద్దున్న కొట్లో దుప్పట్లు మడుస్తూ తూడా అడిగింది.

“ఇంత చోటుందే! అయిదుగురం కాళ్ళు చాపుకుంటున్నాం. ఆ రోజు ఇత్తో ఎందుకు ఉండలేదు?”

“అప్పుడు ఖర్జూరాలు నిండుగా ఉన్నాయి.”

“ఆమె వచ్చింది బార్లీ కోతల్లో. నేను మా అమ్మవాళ్ళ కోతలకే కదా వెళ్ళింది. ఖర్జూరం దిగేది చలికాలం ముందు. కోతల నాటికి కొట్లో ఏముంటుంది, ఈతాకు చాపలు తప్ప?”

జరిగింది జరిగినట్టు ఆమెకు చెప్పేశాను. రెండు రోజులు నా తిండి కోడలి చేతే పంపింది. మూడో రోజు కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. “గోడ కట్టడం వచ్చు కదా, ఇది కూడా కట్టు” అంది.

కొట్టు ఖాళీగా ఉంది ఇత్తో. నువ్వు టీ తాగుతూ అటు చూశావు. తలుపు తెరిచే ఉంది. చూసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వాటా తిరిగి అడుగుతావని భయపడ్డాను. అడిగినా అది నీదే.

పోయిన గురువారం సంతకు వెళ్ళి, పత్రాలు రాసే ఇద్దరు పెద్దల దగ్గర కూర్చున్నాను. కొత్త గది, దాని కింది నేల, బావి పక్క మడి, నాన్న తోటలో నీకు రావలసిన చెట్లు, అన్నీ నీ పేరున రాయించాను. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చేవ్రాలు చేయించాను. పెద్దాయన కలం ఆపి, “హమ్మూ, వాటా వదులుకున్నామని చెల్లెళ్ళు చెబితే వేలసార్లు రాశాను. తిరిగిస్తున్నానని రాయడం నా చేతికి కొత్త” అన్నాడు. “అయితే సిరా కాస్త ఎక్కువ ముంచండి” అన్నాను. నలుగురిలో అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. తల ఎత్తుకునే ఇంటికి నడిచాను.

పత్రం నీదే. నువ్వు వచ్చినా నీదే, పట్నంలో నీతో గది చూసుకున్న ఆమెతోనే ఉండిపోయినా నీదే. నన్ను క్షమిస్తేనే రావాలని లేదు. కోపంతోనే రా. నా ముఖం చూడాలనిపించకపోతే వీధి తలుపు ఉంది, బూజమా తప్పు వల్ల మంచే జరిగింది. తూడాతో పొయ్యి దగ్గర కూర్చోవాలనిపిస్తే వంటింట్లోకి తలుపు ఉంది. పండగకు పది రోజుల ముందు కొడుకు లారీలో వచ్చి నీ గుమ్మం దగ్గర ఆగుతాడు. పెట్టె ఎక్కించాలో, ఖాళీగా తిప్పి పంపాలో నీ ఇష్టం.

లోపలి తలుపు నిన్ననే బిగించాం. గడియ ఎటు పెట్టాలని బూజమా అడిగాడు. నీ గది వైపు పెట్టమన్నాను.

“ఇంటి పెద్దవి, గడియ నీ వైపు ఉండాలి కదయ్యా! ఆవిడ వేసుకుని కూర్చుంటే ఏం చేస్తావు?”

“తడతాను.”

“తీయకపోతే?”

“మరునాడు మళ్ళీ తడతాను.”

నీ వైపే బిగించాడు.

ఇట్లు,
నీ అన్న
హమ్ము